ఫైళ్లన్నీ బైరాగి వేషం వేసిన వారం: భవాని నగర్‌లో ఇనుపమెట్ల పైన ఉన్న రిపేరు అంగడి

నా కంప్యూటర్‌లో ఫైళ్ల ఐకాన్లు, అంటే పేరు పక్కన ఉండే చిన్న బొమ్మలు, తెల్లబడిపోతే బాగుచేసిన అబ్బాయి నూటయాభై రూపాయలు తీసుకున్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కళ్లముందే చేశాడు. ముప్పావు గంట పట్టింది. అంతకు రెండు దినాల ముందు ఇదే పనికి ఇంకో చోట రెండు వేలు చెప్పి, రెండు దినాలు సీపీయూ వదిలిపెట్టి పొమ్మన్నారు. తిరుపతిలో కంప్యూటర్ మీద బతికే నా మాదిరి చిన్న అంగళ్లవాళ్లకు ఈ సంగతి తెలియాలని రాస్తున్నాను. అంగడి పేరు మాత్రం రాయడం లేదు. ఆ అబ్బాయే వద్దన్నాడు. చేసేది తానొక్కడే, ఒకేసారి పదిమంది వస్తే పని చెడుతుందని అతని భయం. గుర్తులు చెప్తాను, వెతుక్కుంటే దొరుకుతుంది.

నాది బాలాజీ కాలనీ దగ్గర ఒక గది అంగడి. టైపింగు, ప్రింటు, జెరాక్సు, స్పైరలు, గట్టి అట్ట బైండింగు. పెట్టి పంతొమ్మిదేళ్లయింది. 1954లో వచ్చిన ఎస్వీ యూనివర్సిటీ, 1983లో వచ్చిన పద్మావతి మహిళా యూనివర్సిటీ, వీటికి తోడు సంస్కృత యూనివర్సిటీ, ఈ మూడింటి పిల్లలే మా వీధికి కూడు పెడుతున్నారు. తెలుగు థీసిస్ వస్తుంది, దేవనాగరిలో సంస్కృతం వస్తుంది, బాటనీ వాళ్లది మొక్కల లాటిన్ పేర్లతో ఇంగ్లీషులో వస్తుంది. పెన్‌డ్రైవులో తెచ్చినా, వాట్సాప్‌లో పంపినా అన్నిటి పేరూ ఒకటే: ఫైనల్. కాస్త జాగ్రత్త ఉన్న పిల్లలైతే ఫైనల్ న్యూ. గైడు దిద్దిన తర్వాత వచ్చేది ఫైనల్ కరెక్టెడ్.

ఇన్ని ఫైనల్‌ల మధ్య నాకు దారి చూపేది ఐకానే. పేరు చదవను, రంగు చూస్తాను. నీలం ఉంటే వర్డు, ఎరుపు ఉంటే పీడీఎఫ్, ఆకుపచ్చ ఉంటే ఎక్సెల్. విండోస్‌లో ఫైలు పేరు చివర డాట్ తర్వాత వచ్చే అక్షరాలు మామూలుగా దాచి ఉంటాయి. అందువల్ల ఒకే పేరున్న వర్డు ఫైలు, పీడీఎఫ్ ఫైలు పక్కపక్కన ఉంటే తేడా చెప్పేది ఆ చిన్న బొమ్మ ఒక్కటే. చిల్లర అంగడాయన చీటీ చదివి పప్పు తీయడు, ఏ డబ్బాలో ఏముందో ఆయన చేతికే తెలుసు. నాకూ అంతే. పంతొమ్మిదేళ్లుగా ఆ రంగులు నా కంటికి అలవాటు.

ఏప్రిల్‌లో మా మరిది కొడుకు ఒక ఆఫీసు ప్రోగ్రాం వేసిపెట్టాడు. పీడీఎఫ్‌ను వర్డుగా మార్చడానికి బాగుంటుంది పెద్దమ్మా, నెల రోజులు ఉచితం అన్నాడు. అది ఎక్కేటప్పుడు వర్డు ఫైళ్లు, పీడీఎఫ్‌లు ఇకమీద దీంట్లోనే తెరవాలా అని అడిగింది, అవునని నొక్కాను. నెల తిరగ్గానే డబ్బు కట్టమంది. నాకు అంత అవసరం లేదు, తీసేశాను. తీసేశాక వర్డు ఫైలు నొక్కితే దేంతో తెరవాలని అడిగింది. జాబితాలో వర్డు ఉంది, ఎంచుకున్నాను. పీడీఎఫ్ నొక్కితే మాత్రం, పీడీఎఫ్‌లు తెరవడానికి నేను ఎప్పుడూ వాడే రీడరు ప్రోగ్రాం జాబితాలో కనపడలేదు. ఈ కంప్యూటర్‌లో ఇంకో యాప్ వెతకమనే వరస ఒకటి కింద ఉంటుంది కదా, దాన్ని నొక్కి, ప్రోగ్రాం ఫైల్స్‌లోకి పోయి, రీడరును నడిపించే అసలు ఫైలును, అంటే ఎగ్జీ ఫైలును, నేనే పట్టి చూపించాను. ఈ పని గుర్తుపెట్టుకోండి, దీని సంగతి తర్వాత వస్తుంది.

ఆ తర్వాత రెండు రకాల ఫైళ్లూ తెరుచుకోవడం తెరుచుకుంటున్నాయి. బొమ్మలు మాత్రం పోయాయి. నీలం లేదు, ఎరుపు లేదు, అన్నీ మూల మడిచిన తెల్లకాగితాలు. మూడుసార్లు రీస్టార్ట్ చేశాను, అంతే. సరే, పని జరుగుతోంది కదా అని పది దినాలు అట్లాగే నెట్టాను. అది నేను చేసిన తప్పు.

ఒక శనివారం సాయంత్రం పద్మావతి మహిళా యూనివర్సిటీ అమ్మాయి తెలుగు థీసిస్ తెచ్చింది. 212 పేజీలు, నాలుగు కాపీలు, బాండు కాగితం, సోమవారం అప్పగించాలి. పెన్‌డ్రైవులో ఒకే పేరుతో రెండు ఫైళ్లు, రెండూ తెల్లగా ఉన్నాయి. పీడీఎఫ్ అనుకుని ఒకదాని మీద రైట్ క్లిక్ కొట్టి ప్రింట్ ఇచ్చి, జెరాక్సుకు వచ్చిన వాళ్ల వైపు తిరిగాను. పోయింది వర్డు ఫైలు. ఆ అమ్మాయి వాడిన తెలుగు ఫాంటు నా మిషన్‌లో లేదు. వర్డు దానికి బదులు ఇంకో ఫాంటు పెట్టేసుకుంది, అక్షరాలు సాగాయి, వరసలు జరిగాయి, 212 పేజీలు 227 అయ్యాయి. రెండో కాపీ సగంలో ఉండగా ఆ అమ్మాయే పట్టుకుంది. ‘ఆంటీ, విషయసూచికలో మూడో అధ్యాయం 71 అని ఉంది, ఇక్కడ 76లో మొదలైంది’ అని. మూడు వందల పైచిలుకు కాగితాలు పోయాయి. ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను, ఆ అమ్మాయి దగ్గర పైసా తీసుకోలేదు. కాగితం పోతే పోయింది. నాలుగేళ్లు రాసిన థీసిస్ అది. పీలేరు బస్సు వదులుకుని రాత్రి తొమ్మిదిన్నర దాకా నా అంగట్లో స్టూలు మీద కూర్చుని, ప్రతి పేజీ వచ్చినప్పుడల్లా నంబరు చూసుకుంటూ ఉంది. ఆ మొహం చూశాక ఇంక ఈ ఐకాన్ల సంగతి తేల్చుకోకుండా ఇంకో ఫైలు ముట్టుకోకూడదనుకున్నాను.

సోమవారం ఊళ్లో పెద్ద సర్వీసు సెంటరు ఒకదానికి పోయాను. అక్కడి కుర్రవాడు ఆన్ చేసి అర నిమిషం చూశాడు. వైరస్ మేడమ్, ఫార్మాట్ కొట్టాలన్నాడు. ఏమడగలేదు, ఒక ఫైలు తెరిచి చూడలేదు. ఫార్మాట్ అంటే ఉన్నదంతా చెరిపి విండోస్ మళ్లీ ఎక్కించడం, మాట తేలిక. నా తెలుగు ఫాంట్లు, కీబోర్డు లేఅవుట్లు, మూడు ప్రింటర్ల సెట్టింగులు, బైండింగు అట్టల మీద బంగారు అక్షరాలకు నేను చేసి పెట్టుకున్న నమూనాలు అన్నీ మళ్లీ కూర్చాలంటే నాకు వారం పడుతుంది. థీసిస్‌లు అప్పగించే కాలంలో వారం అంగడి మూయలేను. ఇంటికి తెచ్చేశాను.

భవాని నగర్ అబ్బాయి సంగతి చెప్పింది నాకు కాగితం వేసే ఆయన. లోపలి వీధిలో, కింద కుట్టుమిషన్లు బాగుచేసే అంగడి ఉంటుంది, దాని పక్కన ఇనుపమెట్లు, పైన ఒకే గది. నేను పోయింది బుధవారం. ముందు రాత్రే గంగమ్మ జాతర మొదలైందని చాటింపు అయింది. దోవ పొడుగునా పిల్లలు ఒంటినిండా తెల్లటి నామంకొమ్ము పూసుకుని, వేపమండలు పట్టుకుని, బైరాగి వేషంలో తాతయ్యగుంట గంగమ్మ గుడి వైపు పోతున్నారు. ఆటో మెల్లగా పోయింది. సీపీయూను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. మెట్ల కింద నిలబడి పైకి కేకేస్తే ఆ అబ్బాయే దిగివచ్చి మోసుకుపోయాడు. ముప్పై దాటి ఉండవు.

కేబుళ్లు తగిలిస్తూనే మొదటి ప్రశ్న వేశాడు. ‘ఎప్పుటి నుంచి అక్కా ఇట్లుండేది? దానికి ముందర ఏమన్నా వేసినారా, తీసినారా?’

ఇన్నేళ్లలో ఎన్నో రిపేరు అంగళ్లు తిరిగాను, మిషన్ ఆన్ కాకముందే ఈ ప్రశ్న అడిగినవాళ్లు నాకు తగల్లేదు. అంతా చెప్పాను. ఆఫీసు ప్రోగ్రాం, నెల గడువు, తీసేయడం, మళ్లీ ఎంచుకోవడం. తలూపుతూ విన్నాడు, మధ్యలో ఆపలేదు.

తర్వాత ఒక వర్డు ఫైలు నొక్కాడు. వర్డులోనే తెరుచుకుంది. మూసేసి, రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూశాడు. అందులో ఓపెన్స్ విత్ అనే వరస ఎదురుగా వర్డు పేరే ఉంది. ‘చూడక్కా, ఎవరి చేతికి పోవాల్నో వాళ్ల చేతికే పోతాండాది. మొగం ఒకటే తప్పు’ అన్నాడు. ఆ తర్వాత చేసింది నాకు బాగా గుర్తుండిపోయింది. కంట్రోల్ నొక్కి పట్టుకుని మౌస్ చక్రం మెల్లగా తిప్పాడు. ఫోల్డర్‌లో బొమ్మలు పెద్దవి అయ్యాయి, నడిమివి అయ్యాయి, అన్నీ తెలుపే. ఇంకా తిప్పితే బాగా చిన్నవై వరసల్లో నిలబడ్డాయి, అప్పుడు వర్డు ఫైళ్లన్నీ టక్కున నీలం అయ్యాయి. నా నీలం. పదిహేను దినాల తర్వాత చూశాను. మళ్లీ పెద్దవి చేస్తే తెలుపు, చిన్నవి చేస్తే నీలం.

దీనికి కారణం ఇది. ఒక్కో ఐకాన్ ఏదో ఒక ప్రోగ్రాం ఫైలు కడుపులో ఉంటుంది. ఫోల్డర్ తెరిచిన ప్రతిసారీ విండోస్ అక్కడికి పోయి బొమ్మ తీసుకురావాలంటే ఆలస్యం. అందుకని ఒకసారి తెచ్చిన బొమ్మను దాచిపెట్టుకుని, తర్వాత అదే చూపిస్తుంది. ఆ దాపునే ఐకాన్ క్యాష్ అంటారు. విండోస్ 7 వరకు అది దాచి ఉంచిన ఒకే ఒక ఫైలు. విండోస్ 10లో సైజుకొకటి: 16, 32, 48, 96, 256, ఇట్లా వేరువేరు ఫైళ్లు. ప్రోగ్రాం ఎక్కేటప్పుడో, దిగేటప్పుడో ఫలానా రకం ఫైళ్లను తెరిచే ప్రోగ్రాం మారిందని విండోస్‌కు కబురు పెట్టాలి. ఆ కబురు సరిగ్గా అందకపోయినా, పోయిన ప్రోగ్రాం గుర్తులు సగం మిగిలిపోయినా, దాపులో ఉన్న పాత బొమ్మే వస్తూ ఉంటుంది. నా మిషన్‌లో చిన్న సైజు దాపు కుదురుకుంది, పెద్ద సైజుల దాపులో తెల్లకాగితం అట్లాగే నిలిచిపోయింది. ఈ దాపు హార్డ్ డిస్కు మీద ఉంటుంది కాబట్టి ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా చెక్కు చెదరదు. నా మూడు రీస్టార్ట్‌లు ఎందుకు పనిచేయలేదో అప్పుడు తెలిసింది.

వైరస్ అన్నారు కదా అని అడిగాను, మనసులో ఆ ముల్లు ఉంది. దానికి మాటతో జవాబు చెప్పలేదు. మిషన్‌లో కొత్త యూజర్ ఖాతా ఒకటి తెరిచి, దాంట్లోకి లాగిన్ అయి, నా థీసిస్‌ల ఫోల్డర్ చూపించాడు. వర్డు ఫైళ్లు ఏ సైజులో చూసినా నీలంగా ఉన్నాయి. పీడీఎఫ్‌లకు ఎడ్జ్ బ్రౌజర్ బొమ్మ వచ్చింది. కొత్త ఖాతాలో విండోస్ 10 పీడీఎఫ్‌లను ముందు ఎడ్జ్‌కే అప్పజెబుతుంది, అది మామూలే. ఐకాన్ క్యాష్ ఒక్కో ఖాతాకు విడిగా ఉంటుంది. మిషన్‌దే రోగమైతే కొత్త ఖాతాలోనూ కనపడాలి. నా ఖాతాలోని దాపుదే తప్పని నాకే తేలిపోయింది. ఆ ఖాతా మళ్లీ తీసేశాడు.

‘దోవలో పిల్లోళ్లను చూస్తిరి కదక్కా’ అన్నాడు. ‘అందురూ తెల్లగా పూసుకుంటే ఎవురి బిడ్డ ఎవురో తెలస్తాదా? లోపల బిడ్డ మారలేదు. కడిగితే మొగం కనపడతాది. మీరు పోయిన కాడ బిడ్డనే మారుస్తామన్నారు.’

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. శనివారం రాత్రి నుంచి నా పని మీద నాకే నమ్మకం సడలిపోయి ఉంది.

కడగడం ఎట్లాగో కూడా రాస్తాను, ఎవరికైనా ఉపయోగపడుతుంది. ముందు ఒక చిన్న కమాండు కొట్టాడు. దాని పేరు ఐఈ4యూఇనిట్, పక్కన ఒక అడ్డగీత పెట్టి షో అని రాయాలి. 1997 నాటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 పేరును ఇంకా మోస్తున్న ప్రోగ్రాం అది, విండోస్ 10లో ఐకాన్లను తిరిగి తెచ్చుకోమని చెప్తుంది. చాలామందికి దాంతోనే సరిపోతుందట, నాకు సరిపోలేదు. అప్పుడు తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నీ మూసేశాడు. నల్ల కమాండు కిటికీ ఒకటి తెరిచి పెట్టుకుని, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెచ్చి, ఫోల్డర్లను, డెస్క్‌టాప్‌ను చూపించే విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను ఆపేశాడు. టాస్క్‌బార్ పోయింది, డెస్క్‌టాప్ బొమ్మలు పోయాయి, తెర ఖాళీ అయింది. నా గుండె ఝల్లుమంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇట్లా అవుతుందని ముందుగా చెప్పి ఉంటే బాగుండేది. పక్కన కూర్చున్నది ఆ మిషన్ మీద బతికేవాళ్లు. ఆ మాటే అతనితో అన్నాను, తప్పైపోయిందక్కా అన్నాడు.

ఎక్స్‌ప్లోరర్ నడుస్తున్నంతసేపు ఆ దాపు ఫైళ్లను పట్టుకునే ఉంటుంది, చెరిపేద్దామన్నా చెరగనివ్వదు, అందుకే ముందు దాన్ని ఆపడం. ఆపాక నా ఖాతాలోని యాప్‌డేటా, దాంట్లో లోకల్, దాంట్లో మైక్రోసాఫ్ట్, దాంట్లో విండోస్, దాంట్లో ఎక్స్‌ప్లోరర్, ఇంత లోపలికి పోయి, ఐకాన్‌క్యాష్ అని మొదలయ్యేవన్నీ చెరిపేశాడు. అదే ఫోల్డర్‌లో థంబ్‌క్యాష్ అని మొదలయ్యేవి కూడా ఉన్నాయి. అవి ఫోటోల చిన్న నమూనాలు, వాటి జోలికి పోలేదు. వాటికి ఏ రోగమూ లేదక్కా, యాంటికి ముట్టుకోవల్ల అన్నాడు. ఈ అబ్బాయి పనితనం అంతా నాకు ఆ ఒక్క మాటలో కనపడింది. తర్వాత టాస్క్ మేనేజర్‌లోనే కొత్త టాస్క్ నడిపించే చోట ఎక్స్‌ప్లోరర్ అని కొట్టాడు. తెర తిరిగొచ్చింది. థీసిస్‌ల ఫోల్డర్ తెరిస్తే మొదట ఖాళీగా ఉండి, బొమ్మలు ఒకటొకటిగా పడుతూ వచ్చాయి. దీపాల వరుస వెలిగించినట్టు పైనుంచి కిందికి నీలం, నీలం, నీలం. ఆ మొదటిసారే ఆలస్యం, తర్వాత మామూలే.

పీడీఎఫ్‌లు మాత్రం ఇంకా ఎర్రబడలేదు. తెల్లకాగితం నడిమధ్య రీడరు గుర్తు చిన్నగా, పిల్లల నుదుటి మీద చుక్క పెట్టినట్టు వచ్చింది. అంతకుముందు అదీ లేదు. దాన్ని చూడగానే ‘మీరు ఎగ్జీని చేత్తో పట్టి చూపించినారు కదక్కా’ అన్నాడు. నేను చెప్పింది అంత శ్రద్ధగా విన్నాడు. సంగతేమంటే, ప్రోగ్రాం ఎక్కేటప్పుడు ఈ రకం ఫైళ్లకు నా పేరు ఇది, నా ఐకాన్ ఇది అని విండోస్ దగ్గర రాయించుకుంటుంది. జాబితాలోంచి ఎంచుకుంటే ఆ రాత ప్రకారం అసలు ఐకాన్ వస్తుంది. ఎగ్జీని మనమే వెతికి చూపిస్తే విండోస్ ఆ రాతను చూడదు, ఉత్త ఎగ్జీకి కట్టేస్తుంది. అప్పుడు దానికంటూ ఫైలు బొమ్మ లేక, తెల్లకాగితం మీద ప్రోగ్రాం గుర్తు అంటించి ఇస్తుంది. విండోస్ ఈ రాతలన్నీ పెట్టుకునే రెజిస్ట్రీ తెరిచి ఆ రాత చూపించాడు. డిఫాల్ట్ ఐకాన్ అనే పేరు కింద ప్రోగ్రాం ఉన్న దారి, చివర ఒక కామా, ఒక అంకె. ఆ అంకె ఆ ఫైల్లో ఎన్నో బొమ్మో చెప్తుంది. చూపించి, ఏమీ మార్చకుండా మూసేశాడు.

అక్కడే మార్చేయొచ్చు కదా అన్నాను. కూడదన్నాడు. ఏ రకం ఫైలు దేంతో తెరవాలని మనం చేసిన ఎంపికకు విండోస్ 8 నుంచి ఒక ముద్ర వేసి పెడతారు. చేత్తో మారిస్తే ముద్ర కలవదు, విండోస్ ఆ ఎంపికను చెల్లదని పక్కన పడేస్తుంది. సెట్టింగ్స్ దారినే పోవాలి. నా రీడరు జాబితాలో ఎందుకు లేదంటే దాని రాత చెదిరిపోయి ఉంది. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి పోయి, రీడరు మీద నొక్కి మాడిఫై అని, అందులో రిపేర్ అని ఇచ్చాడు. అయిదు నిమిషాలు తిరిగి తన రాత తాను మళ్లీ రాయించుకుంది. ఆ తర్వాత డిఫాల్ట్ యాప్స్, ఫైలు రకాన్ని బట్టి ఎంచుకునే చోటు, డాట్ పీడీఎఫ్ వరస. ఈసారి జాబితాలో రీడరు ఉంది. మౌస్ నా చేతికిచ్చి మీరే నొక్కండన్నాడు. నొక్కాను. ఫోల్డర్‌లో ఎరుపు తిరిగొచ్చింది.

లేవబోతుంటే ఆపి ఇంకొక్క పని చేశాడు. ఫోల్డర్ పైన వ్యూ నొక్కి, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అనే గడిలో టిక్కు పెట్టాడు. ఇప్పుడు ప్రతి పేరు చివరా డాట్ తర్వాతి అక్షరాలు కనపడుతున్నాయి. రేపు మళ్లీ రంగు పోయినా పేరు చూసి పట్టుకోవచ్చు. శనివారం ఆ టిక్కు ఉండి ఉంటే ఆ అమ్మాయి పీలేరు బస్సు దొరికేది. నాకు ఇది పంతొమ్మిదేళ్లలో ఎవరూ చెప్పలేదు. మీ మిషన్‌లో ఇప్పుడే పెట్టుకోండి, ఏ రిపేరు అంగడికీ పోనక్కరలేదు.

నా విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని, నెట్‌కు తగిలించి వాడేది కాబట్టి మార్చే ఆలోచన చేయమని కూడా చెప్పాడు. అయినా అదే అదునుగా కొత్త సీపీయూ అంటగట్టాలని చూడలేదు. సీజన్ అయిపోయాక రండక్కా, అప్పుడు మాట్లాడుకుందాం అన్నాడు. ఇంట్లో స్కానర్‌కు తగిలించిన పాత విండోస్ 7 మిషన్ ఉంది. దాంట్లోనూ ఇట్లా అయితే ఎట్లా అని అడిగాను. అక్కడ లోకల్ ఫోల్డర్‌లోనే ఐకాన్‌క్యాష్ అని దాచి ఉంచిన ఒకే ఫైలు ఉంటుంది, ఎక్స్‌ప్లోరర్ ఆపి అదొక్కటి తీసేస్తే చాలు.

లోపాలు కూడా రాయాలి. బిల్లు ఇవ్వడు, నా మాదిరి లెక్క రాసుకునేవాళ్లకు అది ఇబ్బంది, అడిగితే తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాడు. పనిలో ఉంటే ఫోను ఎత్తడు. ఇన్వర్టరు లేదు, నేనున్నప్పుడే ఒకసారి కరెంటు పోయింది, అది రిపేర్ మొదలుకాకముందు పోబట్టి సరిపోయింది, మధ్యలో పోయి ఉంటే ఏమయ్యేదో. ఇన్వర్టరు తప్పకుండా పెట్టుకోవాల్సిన పని ఇది, నేను గట్టిగానే చెప్పాను. ఇనుపమెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందినుంచే పిలవండి, దిగి వస్తాడు. కూర్చోవడానికి ఒకే కుర్చీ. పొద్దున పదకొండుకు తెరిస్తే రాత్రి ఎనిమిది దాకా ఉంటాడు, ఆదివారం ఉండడు. జాతర చివరి రెండు దినాలూ మూసేశాడు.

డబ్బు సంగతి. రెండు వందలిస్తే యాభై తిరిగిచ్చాడు. ఉంచుకోమన్నాను, వద్దన్నాడు. రేటు ఎట్లా కట్టావని అడిగితే, సామాను ఏమీ వేయలేదు కదక్కా, టైముకే అన్నాడు. ఫార్మాట్ కొట్టినా మిషన్ బాగయ్యేది, నేను నమ్మేదాన్ని, రెండు వేలు ఇచ్చేదాన్ని. నాకు తెలియనిదాన్ని తెలిసేట్టు చేసి నూటయాభై తీసుకున్న మనిషి గురించి ఇన్ని మాటలు రాసినా ఎక్కువ కాదు.

థీసిస్ అమ్మాయి మొన్న వచ్చింది. అప్పగించేసింది, ఇంక వైవా ఉంది. తన కోసం అయిదో కాపీ కావాలంది, ఎర్ర అట్ట, బంగారు అక్షరాలు. ఫైలు తెరవకముందే ఎరుపు కనపడింది, చివర డాట్ పీడీఎఫ్ కూడా కనపడింది. అయినా తెరిచి 71వ పేజీ చూశాకే ప్రింట్ ఇచ్చాను. ఆ అబ్బాయి చేసిన పని మొత్తం వరసగా నాలుగు లైన్లలో రాయించుకుని కౌంటర్ అద్దం కింద పెట్టాను. బాలాజీ కాలనీ వైపు వస్తే ఆగి రాసుకుపోండి, ఫోటో తీసుకున్నా సరే.